చేతి దోషం

ల్యాంపు రూం కిటికీ ముందు వరుస కదలడం లేదు. బొగ్గు బాయిలోకి దిగాల్సినవాళ్లు టోపీలు పెట్టుకొని నిలబడ్డారు గాని, చెయ్యి చాపడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. లోపల జమున ల్యాంపు పట్టుకొని నిలబడి ఉంది. బ్యాటరీ బరువుకు మణికట్టు లాగుతోంది.

రోజూ ల్యాంపులిచ్చే బుచ్చన్నకు జ్వరం. ఆయన ఉన్నప్పుడు జమునది వెనక గదిలో పని: బ్యాటరీలు చార్జింగుకు పెట్టడం, ఊడ్వడం, తుడవడం. భర్త ఉపేందర్ బాయిలో కరెంటు తగిలి చనిపోయాక ఆమెకు వచ్చిన ఉద్యోగమది. మొదటి షిఫ్టువాళ్లు దిగేదాకా ఆమె కిటికీ దగ్గరికి రాకూడదని ఏ అధికారీ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే అది నడుస్తోంది. పొద్దున్నే భూమి లోపలికి దిగే మనిషికి మొగుడు పోయిన ఆడది ఎదురు రాకూడదు. అలాంటిది, చీకట్లో దారి చూపే దీపాన్నే ఆమె చేతి నుంచి అందుకోవాలంటే ఎవరికి మనసొప్పుతుంది?

ముందు నిలబడ్డది ఆమె మరిది భూపాల్. అతను తల దించుకొని మెల్లగా అన్నాడు.

"వదినె, గట్టు మీద పెట్టి జర లోపటికి పో. మేం తీస్కుంటం."

జమున అలాగే చేసింది. ఒక్కో ల్యాంపు గట్టు మీద పెట్టడం, గోడవైపు తిరిగి నిలబడడం. వెనక అడుగుల చప్పుడు వినబడి ఆగిపోయాక మళ్లీ ఇటు తిరగడం. ఆమెకు కోపం కూడా రాలేదు. తనూ ఆ వాడకట్టులోనే పుట్టి పెరిగింది మరి.

ముత్యం వంతు వచ్చింది. క్వార్టర్లలో వాళ్ల పక్కింటివాడే. అతను గట్టు వైపు చూడకుండా కిటికీలోంచి చెయ్యి లోపలికి చాపాడు.

"ఇటియ్యి చెల్లె. నీ చేతిల విషమున్నదా ఏంది?"

వరుసలో ఎవరో సకిలించారు. ముత్యం ల్యాంపు టోపీకి తగిలించుకుంటూ, అక్కడే నిలబడ్డ, షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌తో తమ పనిచోటు సంగతి ఎత్తాడు. నిన్నటి నుంచి పైన కప్పు పగులుతున్నట్టు మోగుతోందనీ, ఆనించడానికి దుంగలు లేవనీ, అవి వచ్చేదాకా అక్కడికి మనుషులను పంపొద్దనీ అన్నాడు. భూపాల్ అతని భుజం పక్కనే ఉన్నాడు. సకల జనుల సమ్మె ముగిసి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ఆ బాయి మీద ఎవరి నోట విన్నా సమ్మెలో తగ్గిన బొగ్గు మాటే. ఈ ఒక్క షిఫ్టు ఎట్లనో వెళ్లదీయండి, దుంగలు మధ్యాహ్నానికి వస్తాయి అన్నాడు ఓవర్‌మన్. అందరూ దిగిపోయారు.

మధ్యాహ్నానికి దుంగలు రాలేదు. కప్పు కూలింది. దాని కింద ఒక్క ముత్యమే చిక్కాడు.

శవాన్ని పైకి తెచ్చినప్పుడు టోపీకి ల్యాంపు ఇంకా వెలుగుతూనే ఉందట. దాన్ని ఊడదీసి ఎవరో తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టారు. దాని మీది బొగ్గుపొడి తుడుస్తున్న జమునకు బయటి మాటలు వినబడ్డాయి. అందరం గట్టు మీది నుంచి తీసుకున్నాం, మన ఒంటి మీద గీత కూడా పడలేదు. వాడొక్కడే ఆమె చేతి నుంచి తీసుకున్నాడు, వాడే పోయాడు. లెక్క సరిపోయింది. అందులో తప్పెక్కడుందో జమునకే తోచలేదు.

సాయంత్రం ముత్యం భార్య మల్లక్క జమున కొంగు పట్టి వాకిట్లోకి ఈడ్చింది. నీ మొగన్ని మింగింది చాలక నా మొగని మీద పడ్డవా అని దోసిళ్లతో మట్టి ఎత్తి నెత్తిన పోసింది. ఎవరూ అడ్డు రాలేదు. జమున ఆ మట్టి దులుపుకోలేదు కూడా. ఆ రాత్రి అన్నం కలుపుతూ తన అరచేతిని చాలాసేపు చూసుకుంది. కొడుకుకు ముద్ద పెట్టబోయి ఆగి, పళ్లెం వాడి ముందుకు జరిపింది.

నల్లా దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు తీసేసేవాళ్లు. అత్త సమ్మవ్వ మనవణ్ణి తన దగ్గర పడుకోబెట్టుకోవడం మొదలుపెట్టింది. కొంతకాలానికి అండర్ మేనేజర్ వామనరావు పిలిపించాడు. ఆయన కసురుకోలేదు. కుర్చీ చూపించి మెత్తగానే మాట్లాడాడు. విచారణ అయిపోయిందనీ, ముత్యం చెప్పకుండా దుంగలు లేని చోటికి వెళ్లి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని తేలిందనీ చెప్పాడు. ఇక మిగిలింది మనుషుల మనసుల్లోని భయం. ఆదివారం బాయిని కాచే దేవత మైసమ్మకు మేకను కోస్తున్నారు. జమున కూడా వచ్చి వాళ్లు అడిగింది చేస్తే సరిపోతుంది.

"నాకు ఇట్లాంటి నమ్మకాలు లేవమ్మా," అన్నాడాయన. "కాని వాళ్లకున్నయి. వాళ్ల ధైర్యం కోసం ఒక్క మాట అంటే నీదేం పోతుంది?"

జమున తల ఊపి వచ్చేసింది. అంతదాకా తన చేతినే అనుమానించిన మనిషికి ఇంటికి నడుస్తుంటే ఒక మాట ముల్లులా తగులుకుంది. చెప్పకుండా వెళ్లాడా? చెప్పిన మాట తను విన్నది గదా. కిటికీ లోపల నిలబడి, ఈ చెవులతోనే.

ఆదివారం బాయి గేటు పక్క గుడి ముందు షిఫ్టువాళ్లంతా చేరారు. జమునను దూరంగా ఓ పక్కన నిలబెట్టారు. డప్పు మోగుతోంది. వామనరావు, ఓవర్‌మన్ చెప్పులు విడిచి ముందు వరుసలో నిలబడ్డారు. దినాలు అయిపోయిన మల్లక్క కొబ్బరికాయ పట్టుకొని వచ్చింది. ఏటా ముత్యంతో కలిసి కొట్టే చోటికే నడిచింది. పూజ జరిపిస్తున్న బుచ్చన్న ఆమెకు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"నువ్విప్పుడు గిటు రావద్దు బిడ్డ. అవుతలికి, జమున దిక్కు నిలబడు."

మల్లక్కకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొబ్బరికాయను కడుపుకు అదుముకొని, వచ్చి జమునకు బారెడు దూరంలో నిలబడింది. ఆమె వైపు చూడలేదు.

భూపాల్ ఇత్తడి గిన్నెలో పసుపునీళ్లు తెచ్చి వదినె ముందు పెట్టాడు. అందులో చేతులు ముంచి, నా చేతి దోషం వల్లనే ముత్యం పోయిండు, తల్లీ దోషం తియ్యి అనాలి. డప్పు ఆగింది. జమున గిన్నెలోకి చూసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేనన," అంది.

"ఊకో వదినె. ఒక్క మాటనే గద."

"మైసమ్మ ముందట అబద్దం ఎట్లంటరా? కప్పు మోగుతాంది, దుంగలు లెవ్వు, మనుషుల్ని పంపకుండ్రి అని ముత్యమన్న ఓవర్‌మన్ సారుకు చెప్పిండు. నేనిన్న. మీరందరు ఇన్నరు. నా చేతిల ల్యాంపే ఉన్నది. దుంగలు నా చేతిల లెవ్వు."

వామనరావు వాచీ చూసుకున్నాడు. ఓవర్‌మన్ బుచ్చన్నకు సైగ చేశాడు. బుచ్చన్న కంగారుగా మేకను ముందుకు లాగాడు. దాని మీద నీళ్లు పోస్తే అది ఒళ్లు విదిలించాలి. అప్పుడే తల్లి ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి దించేది. అతను చెంబు కుమ్మరించాడు.

మల్లక్క కొబ్బరికాయ కింద పెట్టింది. తనను నిలబెట్టిన చోటు దాటి భూపాల్ ముందుకు వచ్చింది.

"నువ్వు ఆయన పక్కపొంటే ఉన్నవట గద భూపాల్. గట్ల అన్నడా?"

భూపాల్ మేకను చూస్తున్నాడు. మల్లక్క అతని పక్కవాణ్ణి అడిగింది. ఆ పక్కవాణ్ణి అడిగింది. అందరూ మేకనే చూస్తున్నారు. అది తడిసిన ఒంటితో, కదలకుండా నిలబడి ఉంది.

బుచ్చన్న ఇంకో చెంబు నీళ్లు పోశాడు.