దాచుకున్న దగ్గు

ఇంకొకటి లేచింది, చిన్నదే, పెసరగింజంత బుడగ, మంచం కింద సీసా నీళ్ళలో లేచి పగిలింది, మా ఆవిడ లక్ష్మీకాంతం చూడలేదులే, అటు తిరిగి ఫ్లాస్కు కడుగుతోంది, ఊపిరి పైపైనే తీసుకోవాలి, పక్కటెముకలు కదలకుండా, అప్పుడు బుడగ రాదు, రాకపోతే గొట్టం తీసేస్తారు, తీసేస్తే మా ఊరు కృత్తివెన్ను బస్సెక్కొచ్చు, బెజవాడలో కుడి ఊపిరితిత్తి పైముక్క కోసేసి ఇరవై రోజులు, టీబీ తినేసిన ముక్క, మిగిలినదానికి కుట్టు దగ్గర చిల్లు మూసుకోలేదు, అందులోంచి కారే గాలే ఛాతీలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి సీసాలోకి, అదే మానుతుంది పిచ్చేశ్వరరావు గారూ అని సీసాతో సహా బందరు ఆసుపత్రికి పంపేశారు, రొయ్యల చెరువుల మీద పదేళ్ళు నీళ్ళకి గాలి పట్టే ఏరేటర్లు తిప్పినవాణ్ణి, నీళ్ళలో బుడగలు ఆగితే పరుగెత్తేవాణ్ణి, ఇప్పుడు ఆగమని దండం పెడుతున్నాను.

మొన్న డాక్టరు జయకృష్ణ గారు గట్టిగా దగ్గండి అంటే గొంతులోనే దగ్గాను, బుడగ రాలేదు, సరే, గాలి ఆగిందేమో చూద్దామని గొట్టం మూసేలా క్లిప్పు పెట్టించారు, లక్ష్మీకాంతం బట్టలు సంచిలో సర్దింది, మధ్యాహ్నానికి మెడ ఉబ్బింది, చెంప నొక్కితే చర్మం కింద గాలి, ఎండిన ఉప్పుమడి తొక్కినట్టు కరకర, కళ్ళు మూసుకుపోయాయి, నర్సు కృపమ్మ పరుగున వచ్చి క్లిప్పు లాగేసింది, ఏంటండీ ఇది, పొద్దున బానే ఉందిగా అంది, నిన్న నా చేతిలోంచే రక్తం తీసి గొట్టం గుండా ఛాతీలోకి ఎక్కించారు, గడ్డకట్టి చిల్లు మూస్తుందట, అటు దొర్లండి, ఇటు దొర్లండి అన్నారు, దొర్లాను, చిల్లు బిందెకు వేసినట్టు, నా రక్తమే నాకు మాటు.

బూట్ల చప్పుడు, డాక్టరు గారే, ఏదీ, దగ్గండి, ఈసారీ గొంతులోనే కానిచ్చేద్దామనుకున్నాను, కానీ లక్ష్మీకాంతం సీసాకేసి చూడటం లేదు, నా మొహంకేసే చూస్తోంది, సరిగ్గా దగ్గండి, మొన్నట్లా వద్దండి అంది, నాకు మాత్రమే వినపడేట్టు, అంటే తనకి తెలుసన్నమాట, దగ్గాను, కుట్లు తెగినంత నొప్పి, సీసా అన్నం కుండలా కుతకుతలాడింది, డాక్టరు గారు చాలాసేపు దాన్నే చూశారు, ఇంకోసారి రక్తం ఎక్కిద్దామండీ, అప్పటికీ ఆగకపోతే బెజవాడే, మళ్ళీ ఛాతీ తెరవాలి, ఈ ఒళ్ళు తట్టుకుంటుందని చెప్పలేను అని వెళ్ళిపోయారు, తను ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు, దుప్పటి సర్దింది, రేపు తగ్గుతుందిలెండి అంది, తగ్గుతుందిలే అన్నాను, తను నా కోసం అంది, నేను తన కోసం అన్నాను, ఈ చిల్లు మూసుకుంటుందని నమ్మేవాళ్ళు ఈ గదిలో ఎవరూ లేరు.