గోడ మీది సిమెంటు పట్టీ

కొత్తపేటలో అంజమ్మ ఇంటికీ పక్క అపార్ట్‌మెంటుకూ మధ్య సందు ఎంతంటే, స్కూటర్ పోతుంది గానీ తోసుకుపోయేవాడి మోచేతులు గీరుకుంటాయి. వాన పడితే ఆ సందులో నీళ్లు వారం రోజులు కాపురం పెట్టేవి. ఇల్లు నలభై ఏళ్ల నాటిది, రాతి పునాది. ఈ ఏడు కిటికీ కింద గోడకు బీట పడింది.

"ఇంక ఇల్లు బిల్డర్‌కు ఇచ్చేద్దాం అత్తమ్మా," అన్నాడు అల్లుడు హరిప్రసాద్.

సందులో పైపు వేయిస్తాననీ, అప్పటికీ గోడ కదిలితే సంతకం పెడతాననీ అంజమ్మ మాటిచ్చింది.

పని ఒప్పుకున్నవాడు జంగయ్య. నల్గొండ వైపు మనిషి, రోజుకు పది మాటలాడితే ఎక్కువ. వస్తూనే బీటకు అడ్డంగా సిమెంటు పట్టీ రాసి, మేకుతో దాని మీద తారీఖు గీశాడు.

"ఇదేంది?" అన్నాడు హరిప్రసాద్.

"గోడ కదిల్తే ఇది పగుల్తది."

"దీనికి యాప్ ఉంటది గదా."

"దీనికి చార్జింగ్ అక్కర్లే సారు."

నలుగురు కూలీలను పెట్టి సందంతా ఒక్కసారే తవ్వించాలని హరిప్రసాద్ ఆలోచన. పట్టీ పగలాలని లోలోపల ఆశ కూడా ఉండవచ్చు.

"గోడ కాళ్లకాడ మట్టంత ఒక్కపారి తీస్తే ఎట్ల నిలుస్తది సారు? మీ లుంగి ముడి ఇప్పి బజారుకు పోయి సూడుర్రి," అన్నాడు జంగయ్య. ఆ రోజు మాటలు అక్కడికే చాలా ఖర్చయ్యాయి.

గోడకు అడుగు ఎడంగా మూడడుగుల పొడవు తవ్వడం, పైపు ముక్క వేసి మట్టి పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టడం, మూడడుగులు వదిలి మళ్లీ తవ్వడం. వదిలినవి తర్వాత. లోతు మాత్రం పునాది అడుగుకు జానెడు పైనే ఆపేవాడు. అంజమ్మ వెనక గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. చీర అంచు కింద ఆమె పాదాలు ఒకటి మార్చి ఒకటి నేలను తొక్కుతున్నాయి. జంగయ్య రెండుసార్లు అటు చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

మూడో గుంత కిటికీ కింద. గడ్డపార ఆనించగానే డొల్ల శబ్దం వచ్చింది. అక్కడ మాత్రం గోడ వైపు ఇంకాస్త కిందికి గీకి, పునాది రాళ్ల కింద కట్టెపుల్ల పెట్టి తోస్తే మూరెడు లోపలికి పోయింది. జంగయ్య గడ్డపార పక్కన పెట్టాడు.

"పెద్దమ్మా, ఈ గోడ అవతల ఏమున్నది?"

"బీరువ."

"బీరువ కింద?"

"బండలు."

"బండల కింద?"

"భూమి. దాని కింద పాతాళం. పోయి సూసిరా."

"మరి కాళ్లెందుకు తొక్కుతున్నయి?"

పాదాలు ఆగిపోయాయి.

"మగ్గం గుంటనే గదా," అన్నాడు జంగయ్య. "ఎంత లోతు?"

అంజమ్మ అల్లుడి వైపు చూసింది. కూతురు రజితకు ఈ సంబంధం మాట్లాడినప్పుడు, మాది చీరల దుకాణం, మగ్గం ముట్టినోళ్లం కాదు అని చెప్పింది ఆమే. పోచంపల్లి నుంచి వచ్చాక ఆ గదిలోనే మొగుడూ పెళ్లామూ గుంటలో కాళ్లు పెట్టి మగ్గం తొక్కుతూ ఏళ్ల తరబడి నేశారు. పెళ్లిచూపులకు వారం ముందు, అప్పటికి బతికే ఉన్న ఆమె మొగుడు వెంకటనర్సయ్య మగ్గం పీకేసి, గుంట పూడ్చి, బండలు పరిచాడు.

"సీరియల్ సూసేటప్పుడు గూడ తొక్కుతరు అత్తమ్మా," అన్నాడు హరిప్రసాద్ నిదానంగా. "నరాల జబ్బనుకున్న. డాక్టర్‌కు సూపిద్దామని రజితతోని ఎన్నిసార్లన్ననో."

బీరువా జరిపి బండలు లేపారు. పైన తట్టెడు మట్టి. దాని కింద గుంట నిండా ఖాళీ క్వార్టర్ సీసాలు. సందులో నిలిచిన నీళ్లు పునాది కింది మట్టిని ఏళ్లుగా ఆ సీసాల మధ్యకు లాక్కొచ్చాయి.

అంజమ్మ వంగి ఒక సీసా తీసి మట్టి తుడిచింది. "కర్మన్‌ఘాట్ హనుమంతుని మీద ఒట్టేసి తాగుడు మానేసిన అన్నడు మీ మామ," అంది. "నన్ను మగ్గం దాయనిచ్చి, దానికింద ఆయనవి దాసుకున్నడు."

సీసాలు గోనెసంచుల్లోకి ఎక్కాయి. జంగయ్య గుంటలో మొరం జానెడు జానెడు పోసి, తడిపి, దిమ్మిస కొట్టాడు. పునాది కింద రాళ్లు బిగించి కాంక్రీటు కూరాడు. అది గట్టిపడ్డాకే బయట మిగిలిన పైపు వేశాడు.

తర్వాతి వారం మిట్టమధ్యాహ్నం వాన దంచింది. నీళ్లు పైపులోంచి గలగలా రోడ్డు కాలువకు పోయాయి. హరిప్రసాద్ గొడుగు పట్టుకుని పట్టీ ముందు వంగాడు. వేలితో తడిమాడు. తారీఖు తారీఖులాగే ఉంది, వెంట్రుకంత గీత లేదు.

లోపలికొచ్చి తల తుడుచుకున్నాడు. గుంట పూడ్చిన చోటే కుర్చీ వేసుకుని అంజమ్మ సీరియల్ చూస్తోంది. పాదాలు తమ పని తాము చేసుకుపోతున్నాయి.

"జర మెల్లగ తొక్కుర్రి అత్తమ్మా," అన్నాడు. "కొత్త మొరం."