అద్దానికి అవతలి బొట్టు

ఈరవ్వ పదమూడో అద్దం దగ్గరికి వచ్చేసరికి ఆ మరక మళ్ళీ కనిపించింది. లోపల ఆవిరి పట్టిన అద్దం మీద చింతగింజలో సగమంత ఎర్రటి చుక్క. తడిగుడ్డతో రుద్దింది, గోటితో గీకింది. పోలేదు. అది లోపలి పక్కనుంది, ఎట్లా పోతుంది?

"ఏందవ్వా, దినాం గీ మరక గిట్లనే ఉంటది! కండ్లు కనవడుతలేవా?" అని వెనక నుంచి సూపర్‌వైజర్ ప్రవీణ్ కసిరాడు.

అద్దం అవతల హన్మవ్వ నవ్వింది. ఆకుపచ్చ కోటు వేసుకొని, నీళ్ళ పైపు పట్టుకొని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. ఆమె ఈరవ్వకు సొంత తోడికోడలు, మరిది పెళ్ళాం. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అన్నారా! ఈరవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మరక కూడా తనను తిట్టించడానికే హన్మవ్వ పెడుతోందని ఆమె అనుమానం.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే రోడ్డు పక్కన ఒక పెద్ద షెడ్డుకు, బయటి గాలి చొరబడకుండా చుట్టూ అద్దాలు బిగించి, లోపల చెట్లు పెంచి ఏవో పరిశోధనలు చేస్తారు. జనం దాన్ని అద్దాల అడవి అంటారు. ఏడేళ్ళ కింద ఇద్దరూ ఒకేరోజు అక్కడ పనికి వచ్చారు. బీడీలు చేస్తారా అని అడిగితే ఈరవ్వ గొప్పగా, "దినాం వెయ్యి చేస్త" అంది. తంబాకు అంటిన చేతులు తగిలితే మొక్కలకు తెగులొస్తుందని ఆమెను బయట అద్దాలు తుడవడానికి పెట్టారు. హన్మవ్వ తనకు బీడీలే రావని చెప్పి లోపలికి పోయింది. ఇంటికి రాగానే మాత్రం బీడీల చాట ఒళ్ళో పెట్టుకొని ఈరవ్వ కన్నా సన్నగా చుడుతుంది.

ఎండలో ఇనుప నిచ్చెన అరచేతుల్ని కాలుస్తుంటే ఈరవ్వ లోపలి పచ్చదనం చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేది. నీడ దానికే, చల్లదనం దానికే, కోటూ దానికే. పెట్టి పుట్టింది మహాతల్లి!

ఆరోజు శనివారం. శనివారాల్లో జనాన్ని లోపలికి రానిస్తారు. పనివాళ్ళు కూడా ఏడాదికొకసారి చూడొచ్చు. ఇన్నేళ్ళూ పంతానికి అడగని ఈరవ్వ ఈసారి పాస్ అడిగి తీసుకుంది. మూడు రోజులుగా చాట ముట్టలేదు. చింతపండు పెట్టి చేతులు తోముకుంది.

గుమ్మం దగ్గర సబ్బుతో కడిగించి, చేతులు పాల గిన్నెలో ముంచమన్నారు. లోపలికి పోయే వాళ్ళంతా రోజూ ముంచాల్సిందేనట, పాలకు తంబాకు విషం విరుగుతుందట. ఇంట్లో చాయలోకి అరగ్లాసు పాలు లేవు, ఇక్కడ చేతులకు గిన్నెడు! హన్మవ్వ ఏడేళ్ళుగా పాలలో చేతులు కడుగుతోందన్నమాట. ఈరవ్వ కడుపు భగ్గుమంది.

"నువ్వు బీడీలు చేస్తావు కదా, లోపల ఏ ఆకూ ముట్టుకోకు" అంది ఆఫీసరు పద్మలత.

"నేనొక్కదాన్నే చేస్తనా అమ్మా? మా హన్మవ్వ చెయ్యదా? ఇంట్ల ఒళ్ళోకెల్లి చాట దించదు."

మాట జారిందనుకుంటే అబద్ధమే, అది ఏడేళ్ళుగా నాలుక కొసనే ఉంది. మరిది మంచాన పడ్డాక ఆ ఇల్లు ఈ కొలువు మీదే నడుస్తోందని ఈరవ్వకు తెలియదా? తెలుసు. పద్మలత ఫోన్ తీసుకొని పక్కకు వెళ్ళింది. ఈరవ్వకు కడుపులో చల్లగా అనిపించింది.

ఆ చల్లదనం రెండో తలుపు దాకానే. లోపల కాలు పెట్టగానే ఉడుకు ఆవిరి ముఖాన కొట్టింది. ముందు ముందు ఎండలు ముదిరితే చెట్లు ఎట్లా తట్టుకుంటాయో చూడటానికి, బయటి కన్నా ఎక్కువ వేడి పెట్టి ఉంచుతారట. కామారెడ్డి కాలేజీ పిల్లలకు ఎవరో చెబుతున్నారు. ఈరవ్వ రవిక అప్పుడే వీపుకు అతుక్కుపోయింది. అయ్యో, దీనికోసమా నేనింత ఏడ్చింది?

"అక్కా!" హన్మవ్వ పరుగెత్తుకొచ్చింది. కోటు పిండితే చెంబెడు చెమట కారేలా ఉంది. పిల్లల వైపు తిరిగి, "మా అక్క! గీ అద్దాలన్ని మా అక్క తుడిచినయే" అని చెప్పి, ఈరవ్వ చెయ్యి పట్టుకొని పదమూడో అద్దం దగ్గరికి లాక్కుపోయింది.

"గీడికెల్లి నిన్ను చూస్తుంట. నువ్వు యాపచెట్టు కింద గాలికి కూసోని సద్ది తింటుంటే నాకెంత కుళ్ళొస్తదో! గీ చెమటకు నొసటి మీద బొట్టు నిలవదక్కా. పొద్దుగాల రాంగనే గీడ అతికిస్త, పోయేటప్పుడు తీసి పెట్టుకుంట. ఇయ్యాల నా బొట్టుకు నువ్వు తిట్లు తింటుంటే నవ్వాగలే."

చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. "హన్మవ్వా, నేను..." అంటుండగానే ప్రవీణ్ వచ్చి మేడం పిలుస్తోందన్నాడు. హన్మవ్వ చేతులు కోటుకు తుడుచుకుంటూ వెళ్ళింది.

ఈరవ్వ బయటికి వచ్చి బకెట్ అందుకుంది. మూడు గంటలకు హన్మవ్వ సద్దిగిన్నె పట్టుకొని గేటు వైపు నడిచింది. ఒంటి మీద కోటు లేదు.

"రేపటి సంది రావద్దన్నరక్కా. ఎవలో చెప్పిండ్రట. ఇంట్ల ఆయన ముంగట ఏడవను, నువ్వు గూడ ఏమనకు. నువ్వు పని జేస్కొని రా, మీ ఇంట్ల పొయ్యి నేను ముట్టిస్త."

ఆమె నొసలు బోసిగా ఉంది. ఈరవ్వ చూసింది. బొట్టు మరిచినవే అని కూడా అనలేకపోయింది. హన్మవ్వ ఎక్కిన ఆటో కనుమరుగయ్యేదాకా తడిగుడ్డ పట్టుకొని అట్లాగే నిలబడింది.

"ఆ మరక ఇంకా గట్లనే ఉన్నది, చూస్తున్నవా?" అన్నాడు ప్రవీణ్ పోతూ పోతూ.

మళ్ళీ లోపలికి పోవాలంటే ఏడాది ఆగాలి. ఈరవ్వ గుడ్డ పిండి, ఇవతలి నుంచే పదమూడో అద్దాన్ని మూల మూలలా తుడిచింది. అద్దం తళతళలాడింది. అవతల, ఆవిరి చుక్కల మధ్య, హన్మవ్వ బొట్టు పొద్దున అతికించిన చోటే ఉంది.