కుట్లు ఆరని పిల్లి

ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ వెనక తిరిగే తొమ్మిది పిల్లులకు ఫిలోమినా రోజూ అన్నం పెడుతూ, ఒక్కొక్కదాన్నీ పట్టుకెళ్లి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించింది. ఆఖరి పిల్లికి ఆపరేషనైన మూడోరోజు ఉదయం వెళ్తే ఒక్కటీ కనబడలేదు.

"డబ్బింగ్‌కొచ్చే హీరో సార్‌కు పిల్లుల వాసనొస్తుందంట మేడమ్. సంచులల్ల ఏసి టోలిచౌకిల ఇడిసినం," అన్నాడు థియేటర్ మేనేజర్ జగదీశ్. "పిల్లులే గదా, గింత లొల్లెందుకు?"

"ఆఖరిదాని కుట్లింకా ఆరలేదయ్యా! నడు, ఎక్కడ వదిలారో చూపించు!" అని ఫిలోమినా అతన్ని కారెక్కించింది.

సాయంత్రం దాకా వెతికితే మూడే ప్రాణాలతో దొరికాయి. ఆఖరున ఆపరేషనైన పిల్లి ఒక హోటల్ వెనక కుట్లు తెగి చచ్చిపడుంది. ఆమె దాన్ని చున్నీలో చుట్టి జగదీశ్ చేతుల్లో పెట్టింది.

"గుంత నువ్వే తవ్వు."

జగదీశ్ తవ్వాడు. ఆమె కోపం మాత్రం చల్లారలేదు.