పెరటి బంగళా ముందు క్రేన్

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి కోలాక్ ఊళ్లో రొవీనా ఇంటి ముందు క్రేన్ ఆగింది. పెరట్లోని చిన్న ఇంటిని ఎత్తి లారీ మీద పెట్టడం దాని పని. ఆ ఇంట్లో ఉన్న రొవీనా తల్లి మెర్ల్ లోపల గడియ పెట్టుకుంది.

ఒక గది, వంటకు ఓ మూల, స్నానాలగది. ఇంత చిన్నదైనా ఆ ఊళ్లో దాన్ని బంగళా అనే అంటారు. మెర్ల్ పుట్టిన క్వీన్స్‌లాండ్‌లో గ్రానీ ఫ్లాట్, అంటే మామ్మగారి వాటా అంటారు. అద్దెకిచ్చిన సర్కారు ఇళ్ల ఆఫీసువాళ్లు మాత్రం 'ఆధారపడినవారి ఇల్లు' అంటారు. ఆధారపడిన మనిషి మెర్ల్ భర్త ఆల్ఫ్. పక్షవాతం వచ్చాక అతనికి అన్నీ ఆమే చేసింది. ఫిబ్రవరిలో పోయాడు. మనిషి పోతే ఇల్లు వెనక్కి తీసుకుంటారు.

"అమ్మా, తలుపు తియ్యి. మా ఇంట్లో నీకు గది సర్దాను," అంది రొవీనా.

"టీ పెట్టుకోవాలన్నా నిన్ను అడిగి పెట్టుకోవాలి. నా పొయ్యి నాకుండాలి."

"అయితే నా మీద ఆధారపడ్డానని ఆఫీసుకు ఫోన్‌లో చెప్పు. నీ పేరు మీదికి మారుస్తారు. ఎన్నాళ్లనించి మొత్తుకుంటున్నాను?"

"నీ ఉచ్చగుడ్డలు ఉతికినదాన్ని. నేను నీ మీద ఆధారపడ్డమేంటే?"

క్రేన్ నడిపే డారిల్ కిటికీ దగ్గరికొచ్చాడు.

"మామ్మగారూ, లోపల మనిషుంటే మేం ఎత్తకూడదు."

"తెలుసు నాయనా. అందుకే ఉన్నాను. టీలో పాలు పొయ్యనా?"

"కాసిని."

కిటికీలోంచి కప్పు అందుకుని అతను అక్కడే నిలబడి తాగాడు.

"మా అమ్మా ఆ మాట చచ్చినా అననంది. ఇప్పుడు మా అన్న ఇంట్లో, ముందుగది సోఫా మీద పడుకుంటోంది. వాళ్లు టీవీ కట్టేసేదాకా కూర్చునే ఉంటుంది."

మెర్ల్ సింకులో గిన్నెలు కడిగింది. తుడిచి అలమరలో పెట్టింది. తర్వాత కిటికీలోంచి చెయ్యి చాపింది.

"రొవీనా, ఆ ఫోన్ ఇటివ్వు."

ఆఫీసుకు ఫోన్ చేసి మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పింది. కారు నడపడం మానేశానంది. మందులు కూతురే తెస్తుందంది.

"అంటే మీరు ఆవిడ మీద ఆధారపడి ఉన్నారా?" అని అడిగింది అవతలి అమ్మాయి.

మెర్ల్ కిటికీకి వీపు తిప్పింది. రొవీనా నేల వైపు చూసింది.

"ఉన్నాను. రెండోసారి అడక్కు."

పదిన్నరకు ఇల్లు ఎత్తొద్దని ఆఫీసు నుంచి డారిల్‌కు కబురొచ్చింది. క్రేన్ ఖాళీగా వెళ్లింది. మంగళవారం ఒక ఉద్యోగిని వచ్చి మెర్ల్‌తో మాట్లాడింది. ఆ నెలాఖరున బంగళా అద్దె ఒప్పందం మెర్ల్ పేరు మీదికి మారింది.