అల్లుడిల్లు కాని ఇల్లు

నూనె సలసలా కాగుతోంది. అవీనో ఒక కన్ను మూకుడు మీద, ఒక కన్ను తల్లి మీద ఉంచి చేపలు తిరగేస్తోంది. చేపలంటే చేపలు కావు. ఫ్యాక్టరీ కండంతా కోసుకున్నాక పారేసే తలకాయలూ వెన్నుముళ్ళూ. కండ విమానమెక్కి ఎక్కడికో పోతుంది, ముళ్ళు వేయించుకుని మా ఒబూంగా పేట ఆడవాళ్ళు బతుకుతారు. ఈ మూకుడు ఖాళీ అయితేగాని రేపటి సరుకు రాదు. అయినా అవీనో పొయ్యిలోంచి కట్టెలు వెనక్కి లాగేసింది. సిస్టర్ల వృద్ధాశ్రమంలో ఒక ముసలమ్మ పోయింది, మంచం ఖాళీగా ఉంది, తల్లిని తీసుకుని చీకటి పడేలోగా రమ్మని కబురొచ్చింది. తల్లి మొగుడి తరఫు మగవాడు కూడా రావాలన్నారు.

తల్లిని అందరూ న్యార్ ఉయోమా అంటారు, ఉయోమా ఊరి ఆడపడుచని. ఆమెకిప్పుడు ఆ పేరూ గుర్తులేదు, కూతురి పేరూ గుర్తులేదు. మొగుడు పోయిన సంగతి కూడా ఎవరో చెబితేగాని తెలియదు, చెబితే కొత్తగా ఏడుస్తుంది. మతిమరుపు అన్నీ ఊడ్చుకుపోతూ ఒక్కటి మాత్రం వదిలేసి పోయింది. మా లూవో తెగలో అత్త అల్లుడింట నిద్ర చెయ్యకూడదు. తీసుకుపోవాల్సిందేదో దాన్నే తీసుకుపోతే ఎంత బాగుండేది!

పగలంతా బాగానే ఉంటుంది. ఎండ వాలగానే లేచి భుజం మీది గుడ్డ సర్దుకుని, సిగ్గులేకుండా అల్లుడింట కూర్చున్నానని తన్ను తానే తిట్టుకుంటూ రోడ్డెక్కుతుంది. నిన్న కకమేగా రోడ్డు మీద లారీల మధ్య నడుస్తుంటే కిరాయికి తిప్పే బోడా మోటారుబండి కుర్రాళ్ళు పట్టుకొచ్చారు. లారీ డ్రైవరు తిట్టిన తిట్లు పూసగుచ్చినట్టు అప్పజెప్పి మరీ వెళ్ళారు.

అల్లుడు ఒగుటు మంచివాడే. ఉన్నది ఒక్కటే గది. వానలు మొదలైనప్పటి నుంచీ ఆ గది అత్తకొదిలి స్నేహితుడి పంచన పడుకుంటున్నాడు. పక్కింటి ఆకేయో వాణ్ణి కొత్త పెళ్ళికొడుకా, ఏ రాత్రి ఏ ఇంట్లో అని ఏడిపిస్తుంది. వాడు గది ఖాళీ చేసినా లాభం లేకపోయింది. ఇది నీ ఇల్లేనమ్మా అని అవీనో నమ్మబలికింది. మేకుకున్న మొగుడి కోటు కూడా తీసి దాచింది.

"నన్ను పిచ్చిదాన్ననుకున్నావటే? ఈ గోడ కట్టింది నా అల్లుడు," అంది న్యార్ ఉయోమా.

పోనీ మొగుడి ఊళ్ళో ఆమె సొంత వాకిలికే పంపుదామా అంటే, అదీ అయింది. ఆమె మరిది రాడింగ్ మా వదిన మా దగ్గరే ఉండాలని పెద్దరికం వెలగబెట్టి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆమె చీలమండ చుట్టూ తాడు ఒరిపిడి పుండయింది. మేకని కట్టినట్టు కట్టారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అవీనో ఎవరికీ చెప్పుకోలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అమ్మ లారీ కింద పడకుండా, ఎవరూ తాడుతో కట్టెయ్యకుండా ఈ రాత్రి పడుకోవాలంటే ఆ మంచం ఒక్కటే దిక్కు. తల్లిని దింపి రావడానికి ఆమె గుడ్డలు తనే మూటగట్టింది.

అత్త ముఖం చూడకూడదు గనక ఒగుటు చాలా ముందుగా నడిచి, మటాటు వ్యాను ఆపి, వాళ్ళు ఎక్కేదాకా అటు తిరిగి నిలబడ్డాడు.

ఆశ్రమం గేటు దగ్గర రాడింగ్ అప్పటికే ఉన్నాడు. సిస్టర్ కన్సోలాటా న్యార్ ఉయోమాని గేటు బయటి బెంచీ మీద కూర్చోబెట్టింది. గేటు లోపల మంచాల వరస కనిపిస్తోంది. ఎవరో ముసలావిడ గోడతో మాట్లాడుకుంటోంది. అవీనో చూపు తిప్పుకుంది. సిస్టర్ అడగాల్సింది ఒక్కటే. మొగుడి వంశం ఈమెను మాకప్పగిస్తోందా? ఒకసారి ఒక ముసలమ్మని అలా అడక్కుండా చేర్చుకుంటే, ఆవిడ పోయిన రోజున శవాన్ని దొంగిలించారంటూ వంశం వాళ్ళు కర్రలతో వచ్చి కిటికీలన్నీ పగలగొట్టారట.

రాడింగ్ గొంతు సవరించుకున్నాడు. తనకేం అభ్యంతరం లేదన్నాడు. కాకపోతే, పొయ్యి రాజుకోని ఇల్లు కూలిపోతుందని పెద్దలంటారు. వదిన ఇంట్లో ఎవరో ఒకరు పొయ్యి రాజెయ్యాలి. తన చిన్న భార్యకు ఎలాగూ ఇల్లు లేదు. అవీనో ఊఁ అంటే తనూ ఊఁ అంటాడు.

అంత మెత్తగా అడిగినా అవీనోకి అర్థమైంది. ఆ ఇంట్లో ఇంకొక ఆడది పొయ్యి వెలిగిస్తే అది అమ్మ ఇల్లు కాదు. ఇల్లు లేని ఆడదానికి మొగుడి పక్కన గొయ్యి కూడా ఉండదు, కంచె అవతల పాతిపెడతారు. కొడుకుల్లేని మనిషికి మిగిలింది ఆ ఒక్క గుమ్మమే. ఊఁ అంటే అమ్మకి ఈ రాత్రికి మంచం దొరుకుతుంది. చచ్చాక చోటుండదు. ఒళ్ళు మండిపోయింది అవీనోకి. ఇంటి మగవాడి ఎదుట ఎప్పుడూ ఎత్తని గొంతు ఇప్పుడూ ఎత్తలేదు, మామూలుగానే అంది.

"చిన్నాన్నా, మా అమ్మ ఇంట్లో నీ పెళ్ళాం పొయ్యి వెలిగించదు."

"అయితే నేనూ ఇవ్వను. తీసుకుపోయి నీ మొగుడి పక్కలో పడుకోబెట్టుకో."

"నువ్విచ్చేదేంటి? సిస్టర్, నేనిస్తున్నాను. ఈమె కన్న పిల్లని."

సిస్టర్ ఇబ్బందిగా తాళంచెవి చేతులు మార్చుకుంది. "ఆడపిల్ల మాట వాళ్ళు ఒప్పుకోరమ్మా. రేపు వీళ్ళు కర్రలతో వస్తే నేనేం చెప్పను?"

"కూతురిచ్చిందని చెప్పండి. ఆ కర్రలు నా దగ్గరికి పంపండి. ఒబూంగాలో చేపలమ్మే అవీనో అంటే ఎవరైనా చూపిస్తారు."

తానేమీ ఇవ్వలేదని, అందరూ గుర్తుపెట్టుకోమని చెప్పి రాడింగ్ ఉమ్మేసి రోడ్డు వైపు వెళ్ళిపోయాడు. ఎండ వాలిపోయింది. అవీనో భయపడినట్టే న్యార్ ఉయోమా లేచి నిలబడింది. భుజం మీది గుడ్డ సర్దుకుని, గేటులోంచి ఆ మంచాలకేసి తేరిపార చూసి సిస్టర్ని అడిగింది.

"అమ్మా, ఈ ఇంటాయనకి నేను పిల్లనిచ్చానా?"

సిస్టర్ ఒక్క క్షణం తడబడింది. "లేదు పెద్దమ్మా. ఈ ఇంటికి ఇంటాయనే లేడు."

"అయితే ఫర్వాలేదు," అంది న్యార్ ఉయోమా. మళ్ళీ కూర్చుని కాళ్ళు చాపుకుంది. ఇన్ని నెలల్లో పొద్దుగూకే వేళ ఆమె కూర్చోవడం అవీనో చూడలేదు.

సిస్టర్ తాళం తియ్యలేదు. లోపలికీ పోలేదు. అవీనో గుడ్డల మూట పట్టుకుని తల్లి ఎదురుగా నిలబడే ఉంది. ముసలామె కూతుర్ని పైనుంచి కిందకి చూసి జాలిపడింది.

"చీకటి పడిపోతోంది, నువ్వింకా ఇక్కడేంటే తల్లీ? ఇంటికి పో. మీ అమ్మ నీకోసం చూస్తా ఉంటది."