బాక్స్ రూమ్‌లో రేపటి చప్పుళ్ళు

ఆఫీసు నుంచి రాగానే కిరణ్మయి పొయ్యి మీద అన్నం పడేసి, బాక్స్ రూమ్‌లోకి వెళ్ళి మర్నాటి బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంది. ఇంగ్లండ్‌లో, బేసింగ్‌స్టోక్ ఊళ్ళో వాళ్ళ అద్దె ఇంటికి ఆ గది పేరుకే గది. మంచం పట్టదు. ఇస్త్రీ బల్ల, ఖాళీ సూట్‌కేసులు, బియ్యం బస్తా పోగా మిగిలిన చోట మనిషి నిలబడాలి. అక్కడ నిలబడితే ఆ ఇంట్లో రేపు వినపడబోయే చప్పుళ్ళు ఇవాళే వినపడతాయి. ఇల్లు చూపించినప్పుడు ఏజెంటు కిటికీ దగ్గర చెమ్మ సంగతి చెప్పి, పనిలో పనిగా ఈ సంగతీ చెప్పాడు. వీళ్ళు చెమ్మకి మాత్రం అద్దె తగ్గించమని బేరమాడారు. పక్కింటి మార్గరెట్ గారి బాక్స్ రూమ్‌లో నిన్నటి చప్పుళ్ళు వినపడతాయి. అందుకని ఆవిడకి వీళ్ళ గదంటే కాస్త కుళ్ళు.

గది ఒక్కసారీ తప్పు చెప్పలేదు. పార్సిల్ వాడు రేపు బెల్ కొడతాడంటే కొట్టాల్సిందే. ఓసారి రేపటి పోట్లాట వినపడింది. మొగుడూ పెళ్ళాం మర్నాడంతా అతి మర్యాదగా గడిపారు. చివరికి ఎవరు ఎక్కువ ఓర్చుకుంటున్నారన్న దాని మీద, విన్న మాటలు పొల్లుపోకుండా పోట్లాడుకున్నారు.

మొగుడి పేరు క్రాంతి. అతనికి కండరాల జబ్బు. కూర్చుని ఉన్నంతసేపూ బాగానే ఉంటాడు. పడుకుంటే మాత్రం ఊపిరి లాగే ఓపిక ఛాతీకి చాలదు. అందుకని ఆస్పత్రి వాళ్ళు ఒక యంత్రం ఇచ్చారు. అది మాస్కులోంచి గాలి ఊదుతుంది. మధ్యాహ్నం కునుక్కీ రాత్రి నిద్రకీ అది ఉండాలి. నిద్రలో మాస్కు జారితే అలారం మోగుతుంది. ఆ యంత్రాల సాఫ్ట్‌వేర్ చూసే కంపెనీలోనే కిరణ్మయి ఉద్యోగం. ఇంట్లో మొగుణ్ణీ, ఆఫీసులో మొగుడి మిషన్‌నీ చూసుకుంటోందని స్నేహితులు ఏడిపిస్తారు.

ఈ ఏడాది ఆమెకు ఒకటే పని. పాత యంత్రాలు కాలాన్ని సెకన్లలో లెక్కపెట్టి ఇరుకైన అరలో దాచుకుంటాయి. 2038 జనవరిలో ఆ అర నిండిపోతుంది. నిండగానే యంత్రం వెనక్కి పోయి ఇది 1901 అనుకుంటుంది. అంతకు ముందే అరని వెడల్పు చెయ్యాలి. చెయ్యడం పెద్ద కష్టం కాదు. కానీ సాఫ్ట్‌వేర్‌లో ముక్కలన్నీ ఒక్కసారే మారాలి. ఒక్కటి పాత కొలతతో మిగిలిపోయినా, పక్క ముక్క ఇచ్చినదాన్ని తప్పుగా చదువుతుంది, పైకి మాత్రం ఏమీ తెలియదు. కిరణ్మయి తేదీలతో పని ఉన్నవన్నీ మార్చింది. గడియారాన్ని 2038 దాటించి మరీ పరీక్షించింది. కొత్తదాన్ని ముందుగా కొద్ది ఇళ్ళకే పంపారు. ఆ పొద్దున్నే అది క్రాంతి యంత్రంలోకీ వచ్చింది. మర్నాడు సాయంత్రం దేశంలో మిగతా అన్ని ఇళ్ళకూ వెళ్ళాలి.

చొక్కా కాలర్ మీద ఇస్త్రీ పెట్టె ఆనించేసరికి రేపటి మధ్యాహ్నం వినపడింది. పడకగదిలో మంచం కిర్రుమంది. యంత్రం ఊదడం మొదలెట్టింది. కాసేపటికి గాలి బుస్సుమని బయటికి పోసాగింది. అది మాస్కు జారిన చప్పుడని ఆమెకు బాగా తెలుసు. ఇప్పుడు అలారం మోగాలి. మోగలేదు. గాలి పోతూనే ఉంది. చాలాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆ అడుగులు తనవే. తలుపు తీసిన చప్పుడు, తర్వాత తన గొంతు.

"ఏవండీ," అంది ఆ గొంతు. ఎవరూ పలకలేదు. మళ్ళీ "ఏవండీ" అంది. మూడోసారి పిలిచినప్పుడు అది తన గొంతులాగే లేదు.

కిరణ్మయి ఇక వినలేక బయటికి పరిగెత్తింది. వెనక చొక్కా కాలుతోందని కూడా తోచలేదు.

క్రాంతి కింద సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. ఆమె విన్నదంతా చెప్పింది. అతను చేతిలో కాయ అలాగే పట్టుకుని ఉండిపోయాడు. భయపడ్డాడు, దాచుకోలేదు కూడా.

"అలారం మోగలేదా?" అన్నాడు.

"లేదు."

"మోగాలి కదా. నేను అటు తిరిగి పడుకుంటేనే వీధి వీధంతా లేపుతుందది."

అప్పటిదాకా ఆమె బుర్రలో చావు తప్ప ఇంకేమీ లేదు. ఆ మాటతో పని గుర్తొచ్చింది. ఇద్దరూ పైకెళ్ళి, కాలుతున్న చొక్కా మీంచి ఇస్త్రీ పెట్టె తీసి ఆపి, యంత్రం పెట్టి, మాస్కుని ఉత్త దిండు మీద పడేసి నిలబడ్డారు. గాలి బుస్సుమంటోంది. యంత్రం మీద పచ్చ దీపం నిమ్మళంగా వెలుగుతోంది. ఎంతసేపు చూసినా అలారం లేదు. పొద్దున్నించీ ఈ మూగ యంత్రంతోనే అతను మధ్యాహ్నం కునుకు కూడా తీశాడని తలుచుకుని కిరణ్మయి కిందికి పరిగెత్తింది.

లాప్‌టాప్ తెరిచి వెతికితే తప్పు దొరికింది. అలారం ముక్క ఎప్పుడో మూతపడ్డ కంపెనీ చేసింది. దాన్ని తిరిగి తయారుచేసే దారి లేదు. దానికి తేదీలతో పని లేదులే అనుకుని ఆమె దాన్ని ముట్టుకోలేదు. కానీ అది రెండు అంకెలు పక్కపక్కనే చదువుతుంది. ఆఖరి ఊపిరి ఎప్పుడన్నది ఒకటి, ఎంతసేపు చూసి మోగాలన్నది రెండోది. అర రెండింతలు వెడల్పయ్యేసరికి, కాలం అంకెలో రెండో సగాన్ని అది రెండో అంకె అనుకుంటోంది. ఆ సగంలో ఇప్పటికి ఉన్నది సున్నా. అక్కడ సున్నా ఉంటే అలారం అసలు మోగదు. పరీక్షల్లో మీట నొక్కితే మోగింది, ఎందుకంటే మీటకి కాలంతో పని లేదు.

టీమ్ లీడర్ అమరేందర్‌కి ఫోన్ చేసింది. ఎలా తెలిసిందంటే బాక్స్ రూమ్‌లో విన్నానంది. అతను గది గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు, సున్నా గురించి మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"నేను ఆపుతున్న," అన్నాడు. "కొత్తది పోయిన ఇండ్లకు పాతది మళ్ల పంపిస్త. నువ్వు ముందుగాల మీ ఆయన మిషన్ చూస్కో."

పాతది వెయ్యగానే దిండు మీద మాస్కుకి అలారం గోలగోలగా మోగింది. ఆ గోల వింటూ ఇద్దరూ చాలాసేపు దాన్ని ఆపకుండా నవ్వారు.

తర్వాత ఆమె ధైర్యం చేసుకుని, మారిన రేపుని వినడానికి బాక్స్ రూమ్‌లోకి వెళ్ళింది. మంచం కిర్రుమంది. గాలి బుస్సుమంది. అలారం మోగలేదు. మెట్ల మీద తన అడుగులు, మూడుసార్లు తన పిలుపు. ఆమె మళ్ళీ పరిగెత్తుకొచ్చి మెట్ల మీద కూలబడింది. మొదటి భయమే నయమనిపించింది, అప్పుడు బాగుచెయ్యడానికి ఏదో ఒకటి ఉంది. రేపు అసలు పడుకోవద్దంది, ఆస్పత్రికి పోదామంది, ఏదైనా హోటల్‌కి పోదామంది.

"పోట్లాట రోజు మర్యాదగా ఉండి ఏం సాధించాం?" అని క్రాంతి పక్కన కూర్చున్నాడు. "గది చప్పుళ్ళే చెప్తుంది కిరణూ. ఎవరెక్కడున్నారో చెప్పదు. రేపు ఆ చప్పుళ్ళన్నీ మనమే చేద్దాం."

మర్నాడు కిరణ్మయి ఆఫీసుకి వెళ్ళలేదు. మధ్యాహ్నం తన చేతులతోనే యంత్రంలో తప్పుడుదాన్ని మళ్ళీ వేసింది. క్రాంతి మంచం మీద కూర్చుని, కిర్రుమనిపించి లేచాడు. ఊపిరి ఉన్న చప్పుడు రావాలి కదా అని మాస్కుని కాసేపు మొహానికి పట్టుకుని, తర్వాత దిండు మీద వదిలేశాడు. తలుపు వెనక వేసిన కుర్చీలో కూర్చున్నాడు. నిన్న ఎవరూ పలకలేదు కాబట్టి అతను పలకకూడదని ఒప్పందం.

ఆమె కిందికొచ్చి నిలబడింది. పైన గాలి పోతోంది. ఇదంతా తాము ఆడుతున్నదేనని తెలుసు. అయినా, కుర్చీలో అతనికి కళ్ళు తిరిగితే, ఒప్పందం కొద్దీ నోరు మెదపకుండా అక్కడే ఒరిగిపోతే అనిపించింది. నిన్న విన్నంతసేపూ ఆగాలి. ఆగడం చేతకాక మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకుంది.

మెట్లెక్కింది. తలుపు తీసింది. మంచం ఖాళీగా ఉంది. మాస్కు దిండు గలీబుని ఉబ్బిస్తోంది. పచ్చ దీపం వెలుగుతోంది. తలుపు వెనక్కి చూడ్డానికి ఆమెకు మెడ తిరగలేదు.

"ఏవండీ," అంది. నాటకంలాగే మొదలుపెట్టింది. "ఏవండీ." ఇంట్లో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడోసారి ఆమె నిజంగానే పిలిచింది, గొంతు తనదిలా లేదు.

ఆ తర్వాత ఏముందో ఆమె వినలేదు. రెండుసార్లూ అక్కడిదాకా విని పారిపోయింది. కిరణ్మయి చీకటి బావిలోకి వంగినట్టు నిలబడి చెవులొగ్గింది.

"ఊఁ," అన్నాడు క్రాంతి, తలుపు వెనక కుర్చీలోంచి. "ఇక్కడే ఉన్నా."